గీత దాకా నిండిన ట్యూబు

నల్గొండలో మా ల్యాబు ఒక క్లినిక్ కింద, మెట్ల పక్క గదిలో ఉంటుంది. పైన డాక్టర్ మేడం, కింద నేను. ఇరవై ఏళ్లుగా మనుషుల మోచేతి మడతల్లో నరం వెతకడమే నా పని. ముఖాలు మరిచిపోతాను గానీ నరాలు మరిచిపోనని నవ్వులాటకు అంటుంటాను. మా తమ్ముడి నరాన్ని వెతకనక్కర్లేదు. కుడిచేతి మడతలో తాడులాగా పైకే కనబడుతుంది. ఒక శనివారం ఆ నరం నుంచి రక్తం తీశాను. తర్వాత ఆరు రోజులు తీయలేదు. ఆ ఆరు రోజుల గురించే రాస్తున్నాను.

మాది మర్రిగూడ దగ్గర పల్లె. అక్కడి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి అమ్మ మోకాళ్లు వంగిపోయాయి. నా పళ్ల మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి. ఊరికి మంచి నల్లా నీళ్లు వచ్చేసరికి తమ్ముడు ఊరు దాటి షాద్‌నగర్‌లో ఒక కంపెనీలో పనికి కుదిరాడు. నలుగురితో కలిసి కిరాయి గదిలో ఉండేవాడు. ఊరి నీళ్లను తప్పించుకున్నవాడు ఆ గది నీళ్లకు దొరికిపోయాడు. నాలుగు రోజులు జ్వరం, వాంతులు. ఐదో రోజు బస్సెక్కి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, జర నా కండ్లు చూడు."

చూశాను. తెల్లగుడ్డు తంగేడు పువ్వులా ఉంది.

"పెండ్లయి రెండేండ్లాయె. ఇంకా పసుపు పోలేదారా నీకు?" అన్నాను.

వాడు నవ్వబోయి కుర్చీలో కూలబడ్డాడు.

మేడం చూసి చీటీ రాసింది. కామెర్లకు మామూలుగా చేసే కాలేయం పరీక్షలతో పాటు, రక్తం గడ్డకట్టే సమయం కూడా చూడమంది. ఆ చివరిదాన్ని చాలామంది రాయరు, రోగులు అడగరు. "కామెర్లు ఎంతున్నయి" అని ఒక్క అంకె చాలు వాళ్లకు. కానీ రక్తం గడ్డకట్టడానికి కావలసిన సరుకు తయారయ్యేది కాలేయంలోనే. అది చేతులెత్తేస్తే ముందుగా చెప్పేది ఆ సమయమే. ఈ సంగతి నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

ఆ పరీక్షకు నీలి మూత ట్యూబు వాడతాం. అందులో ముందే రక్తం గడ్డకట్టనీయని మందు కొంచెం ఉంటుంది. రక్తం సరిగ్గా గీత దాకా పడాలి. తక్కువ పడితే గడ్డకట్టే సమయం ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. మా పనిలో కొత్తగా చేరినవాళ్లకు మొదట నేర్పేది ఇదే.

కామెర్ల అంకె, బిలిరుబిన్, తొమ్మిది దాటింది. ఒకటి దగ్గర ఉండాల్సినది. ఎస్‌జీపీటీ నలభై లోపు ఉండాలి, రెండువేల ఆరువందలు వచ్చింది. అవి నన్ను భయపెట్టలేదు. అంతకు మించినవి చూశాను, నెల తిరిగేసరికి నడుచుకుంటూ వచ్చినవాళ్లనూ చూశాను. గడ్డకట్టే సమయం దగ్గర ఆగిపోయాను. బాగున్న మనిషి రక్తం పదమూడు సెకన్లలో గడ్డకడితే, మా తమ్ముడిది ఇరవై ఒకటి పట్టింది.

ట్యూబు సరిగ్గా నిండలేదేమో అనుకున్నాను. స్టాండులోంచి తీసి చూస్తే తేలిపోయేది. తీయలేదు. రిజిస్టర్‌లో ఆ గడి దగ్గర "శాంపిల్ చాలలేదు" అని రాశాను. పైకి పోయి మేడంకు అదే చెప్పాను.

"అయితే రేపు మళ్లీ తీయి. మర్చిపోకు. వీలైతే అడ్మిట్ చేద్దాం, రెండు రోజులు చూద్దాం," అంది.

"నేను చూసుకుంటా మేడం, రోజూ చూసేటివే గద," అన్నాను.

ఆ మాటలో ఎంత పొగరుందో అప్పుడు నాకు వినబడలేదు.

కిందికి వచ్చేసరికి అమ్మ ఫోను. కబురు అప్పటికే ఊరికి చేరింది.

"రేపు ఐతారం. పసరు తాగాలె. పొద్దు పొడవకముందే తాత దగ్గరికి తీస్కరా."

దేవరకొండ దారిలో ఒక పల్లెలో కామెర్లకు ఆకుపసరు ఇచ్చే ముసలాయన ఉన్నాడు. అందరూ పసరు తాత అంటారు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నా కామెర్లు ఆయన పసరుతోనే పోయాయని మా ఇంట్లో నమ్మకం. నీళ్లతో వచ్చే కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయని తర్వాత చదువుకున్నాను. అయినా ల్యాబుకు వచ్చినవాళ్లు "పసరు తాగొచ్చా సారూ?" అంటే ఒక్కనాడూ వద్దనలేదు. వద్దంటే మళ్లీ నా దగ్గరికి రారని లోపల ఒక లెక్క. వాళ్లు పసరు తాగి, పథ్యం చేసి, వారానికి వచ్చి అంకె తగ్గిందని చూసుకుని తాతకు దండం పెట్టేవాళ్లు. పోతూ పోతూ నాకూ ఒక మంచిమాట చెప్పేవాళ్లు. ఇద్దరి బేరమూ బాగానే నడిచింది.

ఆదివారం తెల్లవారుతుండగా తాత ఇంటి ముందు పది మందిమి నిలబడ్డాం. తాత తమ్ముడి కంటి రెప్ప కిందికి లాగి చూశాడు. గోళ్లు చూశాడు. మజ్జిగలో కలిపిన పసరు గిన్నెడు తాగించాడు.

"ఏడొద్దులు ఉప్పు బంద్, నూనె బంద్. మజ్జిగన్నమే. ఒంట్ల సూది పడొద్దు. సూది పడితే మందు ఇరుగుతది," అన్నాడు. తర్వాత తమ్ముడి భార్య, ఊళ్లో అమ్మ దగ్గరుండే మా మరదలి వైపు తిరిగాడు. "ఇంకోటి, బిడ్డా. పగటి నిద్ర ఎక్కువై రాత్రి మేల్కున్నడంటే, మాట తప్పిండంటే, నా మందు ఆపి ఉరికి రావాలె. ఇన్నవా?"

"ఇన్న తాతా," అంది మరదలు.

నేనూ విన్నాను. కానీ ఇంటికి తెచ్చుకున్నది మొదటి మాటనే. సూది పడొద్దు. మేడం మళ్లీ తీయమన్న రక్తం తీయకుండా ఉండడానికి నాకొక సాకు దొరికింది. సూదితోనే బతికేవాణ్ని, ఆ వారం నా తమ్ముడి దగ్గర సూదికి పథ్యం పెట్టాను.

ఎందుకు? చాలాసార్లు అడుక్కున్నాను. ఇరవై ఒకటి అనే అంకె నిజమైతే ఏం చేయాలో నాకు తెలుసు. అది నిజమో కాదో తెలియనంతవరకు ఏమీ చేయనక్కర్లేదు. ఇంతకంటే గౌరవమైన జవాబు ఇప్పటికీ దొరకలేదు.

తమ్ముణ్ని ఊళ్లో అమ్మ దగ్గర ఉంచి నేను నల్గొండ వచ్చేశాను. సోమవారం మెట్ల మీద మేడం ఎదురుపడింది.

"మీ తమ్ముడి శాంపిల్ తీశావా?"

"ఊరికి పోయిండు మేడం. మంచిగనే ఉన్నడు."

రోజూ ఫోన్ చేసేవాణ్ని. మంగళవారం వాడే మాట్లాడాడు. "ఉప్పు లేని బువ్వ తిని నాలుక సచ్చింది అన్నా," అని నవ్వాడు. ఆ నవ్వు విని నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నాను. బుధవారం మరదలు ఎత్తింది.

"బావా, ఆయన పొద్దంత పండుకునే ఉంటుండు. లేపితే లేస్తుండు, మళ్ల పంటుండు."

"నీరసం. ఉప్పు లేదు గద."

"అంగీ గుండీలు కిందిమీద పెట్టుకుండు. చెప్తే కసురుతుండు. ఒక్కసారి రక్తం తియ్యరాదు?"

"తాత ఏమన్నడు? సూది పడొద్దన్నడా లేదా?"

"గది అన్నడు. ఇంకోటి కూడ అన్నడు గద బావా."

నాకు కోపం వచ్చింది. ఆమె చెప్పింది నిజమైనందుకే వచ్చింది.

"ల్యాబుల పని చేసేది నువ్వా, నేనా? అన్నిటికీ భయపడితే ఎట్ల?"

 "సరే బావా" అని ఫోను పెట్టేసింది. ఆమె పదో తరగతి దాకా చదివింది. నేను గోడకు సర్టిఫికెట్ వేలాడదీసుకున్నవాణ్ని. ఆ రోజు ఆ ఇంట్లో రోగిని చూస్తున్నది ఆమె ఒక్కతే.

గురువారం నేను ఫోన్ చేయలేదు. పని ఎక్కువగా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను.

శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకు ఆమే చేసింది. వెనక ఆటో చప్పుడు.

"బావా, తాత దగ్గరున్నం. నేనే తీస్కొచ్చిన. అమ్మను చూసి మేస్త్రీ అని పిలుస్తుండు ఈయన. తాత మందు ఇయ్యనంటుండు."

ఫోను చేతులు మారింది. ముసలి గొంతు.

"ఏం సారూ, రక్తం చూసేటోనివి, నన్నడుగుతవా? గిది నా మందుకు లొంగేది కాదు. ఇసుంటోళ్లను ఇద్దర్ని చూసిన నేను. మళ్ల రాలేదు వాళ్లు. సూది వద్దన్నది మామూలు కామెర్లకయ్యా. తీస్కపో, తీస్కపో."

ఫోను మళ్లీ మరదలి చేతిలోకి వచ్చింది.

"మీరు వస్తరా, నన్నే తేమంటరా?"

"నువ్వే తే. నల్గొండకు తే," అన్నాను. 

వాళ్లు వచ్చేసరికి పదకొండు అయింది. ఇద్దరం చెరో భుజం కింద చేయివేసి దించాం. ఆరు రోజుల్లో పసుపు ముదిరి ముఖం ఇత్తడి రంగుకు తిరిగింది. నోటి దగ్గర ఏదో మురిగిన తీపి వాసన. "అన్న వచ్చిండా షాద్‌నగర్‌కు?" అని అడిగాడు నన్ను.

కుడిచేయి చాపమన్నాను. నరం అక్కడే ఉంది. ఎర్ర మూత ట్యూబు, తర్వాత నీలి మూత. ఈసారి గీత దాకా పడేంతవరకు రెప్ప వేయలేదు. సూది తీసి దూది పెట్టాను. దూది ఎర్రగా తడిసింది. మార్చాను. అదీ తడిసింది. "నొక్కి పట్టు," అన్నాను మరదలితో. ఆమె రెండు బొటనవేళ్లతో నొక్కి పట్టింది.

ముందు ఎస్‌జీపీటీ వచ్చింది. రెండువేల ఆరువందల నుంచి ఐదువందలకు దిగింది. ఒక్క నిమిషం నా గుండె తేలికైంది. తగ్గుతుంది, చూశావా, అని మరదలితో అనబోయాను కూడా. అంతలో బిలిరుబిన్ వచ్చింది. పంతొమ్మిది. రెండు అంకెలు రెండు దిక్కులకు పోతున్నాయంటే ఏమిటో కూడా చదువుకున్నాను నేను. ఎస్‌జీపీటీ కాలేయం కణాలు చితికినప్పుడు బయటికి వచ్చేది. చితకడానికి ఇక పెద్దగా మిగలనప్పుడు కూడా అది తగ్గుతుంది.

గడ్డకట్టే పరీక్ష అప్పట్లో మా దగ్గర చేత్తోనే చేసేవాళ్లం. వెచ్చటి నీళ్ల తొట్టిలో చిన్న గాజు గొట్టం, అందులో పైకి తేరిన రక్తరసం. గడ్డకట్టించే మందు చుక్క వేసి, స్టాప్‌వాచ్ నొక్కి, గొట్టాన్ని అటూ ఇటూ వంచుతూ చూడాలి. నీళ్లలా పారేది ఒక్కసారిగా జున్నులా పట్టుకుంటుంది. ఆ క్షణంలో వాచీ ఆపాలి.

పదమూడు. పారుతూనే ఉంది. ఇరవై ఒకటి దాటింది. అప్పటి అంకె అది. ముప్పై. వంచాను, పారింది. నలభై. దూది పట్టుకుని మరదలు గుమ్మంలోంచి నా చేతి వైపే చూస్తోంది. ఆమెకు ఆ పరీక్ష ఏమిటో తెలియదు, నేను వాచీ ఆపడం లేదని మాత్రం తెలుస్తోంది. యాభై. పారింది. అరవై రెండు సెకన్ల దగ్గర ఒక సన్నని పోగు కనబడింది.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. మేడం చూస్తున్న రోగిని మధ్యలోనే వదిలి కిందికి వచ్చింది. తమ్ముణ్ని రెండు చేతులూ చాపి, బస్సును ఆపినట్టు అరచేతులు పైకెత్తమంది. ఎత్తాడు. అరచేతులు నిలవలేదు. కట్టేసిన కోడి రెక్కల్లా టపటపా కిందికి పడుతున్నాయి, లేస్తున్నాయి.

"శనివారం గడ్డకట్టే సమయం ఎంత వచ్చింది?" అని అడిగింది నన్ను.

"ట్యూబు తక్కువ పడ్డది మేడం. చెప్పిన గద."

అప్పుడు కూడా అదే మాట. తమ్ముడి చేతులు నా ముందు కొట్టుకుంటున్నాయి, అయినా అదే మాట. మేడం నా ముఖం వైపు ఒకసారి చూసి ఫోన్ తీసింది.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు చేరేసరికి వాడు పిలిస్తే పలకడం మానేశాడు. కామెర్ల వైరసే కాలేయాన్ని ఇంతగా దెబ్బతీసిందన్నారు అక్కడి డాక్టర్లు. జ్వరం గోళీలు ఎన్ని వేసుకున్నాడని, పసరు ఎన్నిసార్లు తాగాడని అడిగారు. ఏది ఎంత చేసిందో చెప్పలేమన్నారు. మెదడుకు ఎక్కిన విషం విరేచనాల్లో పోవడానికి ముక్కు గొట్టంలో ఒక తియ్యటి మందు పోశారు. సెలైన్‌లో ఇంకో మందు. కాలేయం తిరిగి లేస్తే లేస్తుంది, లేకపోతే మార్చడమే దారి అన్నారు. "నాది తీసుకోండి," అన్నాను. సరిపోతుందో లేదో చూడడానికి నా రక్తమూ తీశారు. వేరేవాళ్లు నా నరం వెతుకుతుంటే ముఖం పక్కకు తిప్పుకున్నాను.

రోజూ పొద్దున ఒక చిన్న డాక్టరు బయటికి వచ్చి గడ్డకట్టే అంకె చెప్పేది. దాన్నిబట్టే అన్నీ. అక్కడ సెకన్లలో కాదు, మామూలు కంటే దాదాపు ఎన్ని రెట్లో ఆ లెక్కలో చెప్తారు, బాగున్న మనిషికి ఒకటి ఉంటుంది. తమ్ముడికి మొదటి రోజు ఐదు పైన. రెండో రోజూ అంతే.

"ప్లాస్మా ఎక్కిస్తే దిగుతది గద మేడం?" అన్నాను. నాకు తెలిసినట్టు కనబడాలనే ఆ పాడు అలవాటు.

"రక్తం కారుతుంటే తప్ప ఎక్కించం. ఎక్కిస్తే అంకె బాగుపడుతుంది, మీ తమ్ముడు బాగుపడడు. అసలు ఎట్లున్నడో మాకు తెలియకుండా పోతుంది," అందామె.

ఆమె మామూలుగానే చెప్పింది. నేను పోయి గోడ పక్కన కూర్చున్నాను.

మరదలు ఆ రోజుల్లో నాతో అవసరమైన మాటే మాట్లాడేది. "నీళ్లు తెస్తరా," "సంతకం అడుగుతుండ్రు." అమ్మ మాత్రం నా చేయి పట్టుకుని, "నువ్వు ల్యాబుల ఉండబట్టి తెల్సింది కొడుకా, లేకుంటే ఏమయ్యేటోడు," అనేది. నా పక్కనే మరదలు కూర్చుని ఉండేది. ఆమె ఒక్కసారి కూడా అత్త మాటను సరిదిద్దలేదు.

మూడో రోజు నాలుగున్నర అన్నారు. నాలుగో రోజు మళ్లీ నాలుగు ముప్పావు. ఆ రోజు మాలో ఎవరూ అన్నం ముట్టలేదు. ఐదో రోజు మూడు. ఆరో రోజు రెండు చిల్లర. ఆ సాయంత్రం తమ్ముడు కళ్లు తెరిచి ఉప్పు వేసిన అన్నం అడిగాడట. నర్సు నవ్వుతూ వచ్చి చెప్పింది. మరదలు మొదటిసారి ఏడ్చింది. నా కాలేయం తీయాల్సిన అవసరం పడలేదు.

వాడు కోలుకుని పనికి పోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ వారం రోజులు వాడికి ఏమీ గుర్తులేవు. గుర్తులేని చోటంతా ఊరివాళ్లు నన్ను పెట్టి నింపారు. అన్న రక్తం చూసి పసిగట్టాడు, అన్న పట్నం ఉరికించాడు. వాడు పోయిన ప్రతి చోటా ఈ కథే చెప్పేవాడు. ఆ పొగడ్త వింటూ చాయ్ తాగాను, ఒక్కసారి కాదు. రిజిస్టర్‌లో ఆ శనివారం పేజీ మాత్రం తెరవలేదు. ఆ శనివారం సాయంత్రమే, ట్యూబులు పారేస్తున్నప్పుడు నీలి మూతదాన్ని ఎత్తి చూశాను. ఇంతవరకు రాయకుండా దాటవేసిన సంగతి ఇదే. రక్తం గీత దాకా ఉంది. చూసి, పారేశాను.

ఎండాకాలంలో ఒకనాడు తమ్ముడు, మరదలు కలిసి ల్యాబుకు వచ్చారు. వెంట వాడితో పనిచేసే ఒకాయన, కళ్లు పచ్చగా.

"మా అన్న చూస్తే తప్పిపోదు. నన్ను బతికించింది ఈయనే," అని తమ్ముడు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. "తాత దగ్గరికి పోతనంటుండు అన్నా. ముందు నువ్వు చూడు."

మరదలు గుమ్మం దగ్గరే నిలబడింది, ఆ రోజు నిలబడ్డ చోటే. ఆమె నన్ను చూడలేదు. స్టాండులోని ట్యూబులను చూస్తోంది.

నీలి మూత ట్యూబు చేతిలోకి తీసుకున్నాను. మాట దానంతట అది వచ్చింది.

"దీంట్ల రక్తం గీత దాకా పడాలెరా. తక్కువ పడితే అంకె తప్పు వస్తది. నువ్వు మొదలు వచ్చినప్పుడు నీ అంకె బాగలేదు. ట్యూబు తక్కువ పడ్డదని రాసి దాన్ని పక్కకు పెట్టిన. మేడంకు అదే చెప్పిన. మేడం మళ్ల తీయమంటే తియ్యలే. ఆరు రోజులు. నీ పెండ్లాం తియ్యమని అడిగితే కసిరిన. నిన్ను బతికించింది ఆమె."

కుర్చీలో ఉన్నాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తమ్ముడు ట్యూబు మీద గీతను చూస్తున్నాడు.

"తక్కువ పడ్డదా మరి, నాది?"

"లేదు. నిండింది."

వాడు ఏమైనా అంటాడని ఎదురుచూశాను. తిడితే బాగుండుననుకున్నాను. వాడు మరదలి వైపు తిరిగాడు. ఆమె తల వంచుకుంది. వాడికి ముందే చెప్పిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తమ్ముడు పక్కనున్నాయన అంగీ చేయి మోచేతి పైకి మడిచాడు.

"ముందు ఈయనది తియ్యి," అన్నాడు.

అన్నా అని పిలవలేదు. కానీ పోలేదు కూడా. పక్కనే ఉన్న స్టూలు లాక్కుని, నా చేతికి దగ్గరగా కూర్చున్నాడు. సూది దింపాను. ట్యూబులోకి రక్తం ఎక్కుతుంటే ముగ్గురూ దాన్నే చూశారు. గీతను ముట్టగానే తమ్ముడు "ఆఁ" అన్నాడు. నేను సూది తీశాను.